ఈనె

పొగాకు ధర కిలోకి ఇరవై రెండు రూపాయలు దిగిన రోజు
నా యంత్రం నాలుగు వేల మాటలు ఏరుకొచ్చింది,
ఒంగోలు అద్దెగదిలో, రాత్రి రెండింటికి,
ఫ్యాను చప్పుడు కింద.
మూడు గడులు పెట్టాను: కోపం, భయం, సంతోషం.
తెల్లారేసరికి సంతోషం గడి నిండి పొర్లింది.

గైడు గారు ఫోన్లో "ఆసక్తికరం" అన్నారు.
ఆ మాటంటేనే నాకు మంట.
పొదిలి బస్సెక్కాను.

బ్యారన్ పక్క రేకుల షెడ్డులో
మాలకొండమ్మ ఆకు వేరు చేస్తా ఉంది.
ఎండ ముదరకముందే చేయాలంట ఈ పని.
మిట్టమధ్యాహ్నం వెలుగులో
ప్రతి ఆకూ మేలురకమేనంట.
నేను రాత్రి రెండింటి వెలుగులో చేశాను.

మీ ఇంట్లో ఫోన్లు ఎన్ని, అన్నాను, కాగితంలో ఉన్నట్టే.
"ఫోనొకటి. ఇళ్ళు మూడు.
పేరు మా మరిది పోలయ్యది, వాడు పోయి నాలుగేళ్ళు.
పగలు నా కాడ, రాత్రి పిల్లోడి కాడ.
డబ్బులైపోతే ఎవురి కాడా లేదు."
నా పట్టికలో పోలయ్య బతికే ఉన్నాడు.
మగ, ముప్పై ఎనిమిదేళ్ళు,
రోజుకి పదకొండు సందేశాలు.

ధర పడ్డనాడు ఊరి గుంపులో ఆమె పెట్టినవి చూపించాను.
కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు, వరసగా తొమ్మిది.
"అదొక్కటే దొరికిద్ది పాపా నా వేలికి.
చచ్చిపోయినోళ్ళకి గూడా అదే పెట్టినా."
ఎదురుగా కూర్చున్న మస్తానమ్మ
కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.
"అయినా, మా గుంపులోది నీ కాడికి ఎట్టా వచ్చింది?"
జవాబు నా సంచిలో రెండు పేజీలుంది, సంతకాలతో.
నోట్లో లేదు.

"ముందు నీళ్ళు కొలిచేవోళ్ళు వచ్చారు.
పిల్లోళ్ళ పళ్ళు చూసి రాసుకునేవోళ్ళు వచ్చారు.
కొలత తీసకపోయారు, నీళ్ళు మాత్రం తేలేదు.
నువ్వు మాటలు కొలుస్తావా? కొలువు, కొలువు."

ఎవరో రాసింది చదివి వినిపించాను:
"కంపెనీవోళ్ళ దయవల్ల ఈ ఏడు మాకు పండగే.
బ్యారన్ అమ్మి బిర్యానీ తిన్నాం."
సంతోషం, తొంభై ఒక్క పాళ్ళు ఖాయం, అంది యంత్రం.

ఆమె చేతులు ఆగాయి.
కట్టలోంచి ఒకటి లాగి నా ముందు పరిచింది.
నిమ్మపండు రంగు.
బాగుందా? బాగుంది.
ఈనె పట్టి వంచింది. విరగలా.
తడిసిన తాడు మాదిరి వంగింది.
"పైన ఆరింది, లోన పచ్చి.
ఇది బేలులో పడితే చుట్టూ ఉండే పదాకుల్ని
బూజు పట్టిచ్చిద్ది.
చూస్తే తెలవదు, ఇరిస్తే తెలిసిద్ది."

నాలుగు వేలు ఎట్లా విరిచేది?
"అన్నీ ఎందుకు? నూటికొకటి ఇరువు.
కాకపోతే పైది తియ్యబాక,
అడుక్కంటా చెయ్యి పెట్టు."
మూడొందల పేజీల పుస్తకం ఒకటి
ఈ మాట చెప్పడానికి నాకు ఏడాది తీసుకుంది.

సాయంత్రం చీమకుర్తి దగ్గర
రాతి లారీల దుమ్ములో బస్సు ఆగిపోయింది.
ఒళ్ళో ఫోను కదిలింది.
పోలయ్య నుంచి.
నవ్వే బొమ్మ, ఒక్కటే.

ఏడుపా? వెక్కిరింపా? జాగ్రత్తగా వెళ్ళమనా?
వంచి చూశాను, ఆ పచ్చటి మొహంలో ఈనె లేదు.
ఫోన్ చేశాను. గొంతు చిన్నది.
"అమ్మమ్మ ఆకు కాడుంది. అది నేనే పెట్టినా."
ఎందుకు నాన్నా?
"ఊరికే."

లారీ హారన్లు.
ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచి నాలుగో గడి గీశాను,
పేరు అదే పెట్టాను.
సంతోషంలోంచి ఒక్కొక్కటే
తీసి అందులో వేస్తా ఉంటే
ఒంగోలు వచ్చిన సంగతి
కండక్టరు చెప్పాల్సి వచ్చింది.